లెక్కలో లేని పైపు

మూతకు 23 రోజులు

ఇది నీళ్ళ పుస్తకం. ఏ రోజు ఎన్ని లీటర్లు వచ్చాయి, ఏవి దేనికి పోయాయి అన్నది ముందు పేజీల్లో ఉంటుంది. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి కనుక కిందింటి బాత్రూం సంగతి ఇక్కడ రాసుకుంటున్నాను. రాసి ఉంటే రేపు ఎవరూ "నేనలా అనలేదు" అనలేరు. ఈ మాట ముఖ్యంగా గోడలో ఉండే పెద్దాయన గురించి.

అత్తమ్మ పోయిన నెల తొమ్మిదో తారీఖున డాబా మెట్లు దిగుతూ జారిపడింది. తుంటికి ఆపరేషన్ చేసి, మూడు నెలలపాటు ఒక్క మెట్టు కూడా ఎక్కకూడదు, దిగకూడదు అన్నారు. ఎండలకి ఊరంతా మూసేసే ఈ మూత మొదలైతే పైఇంటికి సీలు వేసి అందరం కిందింట్లోకి దిగాలి. ఆవిడని మంచంతో సహా ఒకసారి దింపేయడం పెద్ద పని కాదు. కానీ కిందింట్లో బాత్రూం లేదు. వీధి చివర సొరంగంలో అందరికీ కలిపి కట్టినవి ఉన్నాయి. వాటికి నలభై రెండు మెట్లు దిగాలి. ఇన్నేళ్ళూ దిగాం.

మెట్లు దిగలేని పెద్దవాళ్ళకి కిందింట్లో సొంత బాత్రూం లేకపోతే, మూత ఉన్న డెబ్భై నాలుగు రోజులూ మాచర్లలోని చల్లని వసతికి పంపాలని రూలు. అక్కడ ఎవరూ ఎవరినీ కష్టపెట్టరు. ఇరవై నాలుగు డిగ్రీల చల్లదనం, మెత్తటి పరుపు, కారం లేని కూర. అత్తమ్మ చెల్లెలు హారిక చిన్నత్త రెండేళ్ళ కిందట వెళ్ళింది. వెళ్ళే రోజున కూడా వీధిలో ఇద్దరితో గొడవ పెట్టుకుని వెళ్ళిన మనిషి. తిరిగొచ్చాక ఏమడిగినా "సరే" అంటోంది. అన్నం పెట్టనా అంటే సరే. వద్దా అంటే సరే.

ఈ పొద్దున అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"సహస్రా, నన్ను ఆ సరే కొంపకి పంపుతావా?"

"పంపను."

"మాటేనా?"

"మాటే."

ఇచ్చాక వెనక్కి తీసుకోలేను కనుక మాట కూడా ఇందులో రాశాను.

నీళ్ళు: వచ్చినవి 90 లీటర్లు, వాడినవి 90. ఆవిరి: సున్న. ఏడేళ్ళుగా రోజుకి అర లీటరు ఆవిరి కింద రాస్తూ వచ్చాను. తొమ్మిదో తారీఖు నుంచి ఆవిరే లేదు. ఎండ పెరుగుతున్నా.

మూతకు 21 రోజులు

కిందిల్లు తవ్వి ఇచ్చినప్పుడే కాంట్రాక్టరు బాత్రూం కోసం పైపులు వేసి వదిలాడు. మా రెంటచింతలలో నేలంతా నాపరాయి కనుక ఒకసారి వేశాక తవ్వి చూసుకోవడం కుదరదు. రాయిలోంచి పైకి పొడుచుకొచ్చిన ముక్కలను చూసి, ఏది ఏమిటో కనిపెట్టి, దాని మీద దానికి తగ్గది బిగించుకోవాలి. తొమ్మిదేళ్ళుగా వాటి మీద బియ్యం డబ్బాలూ, ఆవకాయ జాడీలూ పెట్టి వాటిని మర్చిపోయాం.

ఇవాళ డబ్బాలన్నీ జరిపాను. మొత్తం నాలుగు పైపులు. నాలుగింటికీ క్యాపులున్నాయి, ఒక్కదాని మీదా పేరు లేదు. టేపు పెట్టి కొలిచాను.

ఒకటోది నాలుగంగుళాల లావు. దాని నడిమధ్య నుంచి గోడకి సరిగ్గా పన్నెండంగుళాలు. పైఇంట్లో కమోడు కింద కొలిచి చూస్తే అక్కడా పన్నెండే. కనుక ఇది కమోడుకి. రెండోది రెండంగుళాలు, నేలలో చదరంగా వదిలిన గుంటలో ఇసుక కింద ఉంది. అది స్నానం నీళ్ళకి. మూడోది కూడా రెండంగుళాలే, గోడని ఆనుకుని లేచింది. అది వాష్‌బేసిన్‌కి.

నాలుగోది మూడోదానికి జానెడు దూరంలో ఉంది. అదే లావు, అదే రంగు. బాత్రూంలో మనిషి చేసే పనులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టాను. మూడు పైపులతో అన్నీ అయిపోయాయి.

పెద్దాయన్ని, అంటే గోడలోంచి మాట్లాడే ఇంటి యంత్రాన్ని, అడిగాను. ఇంటి ప్లాను, రూల్సు, ఎండ, కరెంటు, మా అందరి పుట్టినరోజులు అన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. గొంతు బాగుంటుంది. పొరపాటు చెప్పినా మనదే తప్పనిపించేలా చెప్తారు.

"నాలుగో పైపు దేనికండీ?"

"మీ కిందింట్లో మూడు పైపులున్నాయమ్మా."

"నాలుగున్నాయి. నేను ఇక్కడే నిలబడి చూస్తున్నాను."

"ప్లానులో మూడే ఉన్నాయి. మీరు ఒకే పైపును రెండుసార్లు లెక్కపెట్టి ఉంటారు."

ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంట్లో చెంచాలతో సహా లెక్కపెడుతున్నదాన్ని. నాలుగో పైపు మీద చెయ్యి వేసి, "ఇది?" అన్నాను.

"అక్కడ ఏమీ లేదు," అన్నారాయన చాలా మర్యాదగా.

మూతకు 20 రోజులు

మావారు వేదాంత్‌కి చూపించాను. ఆయన సోలార్ పొలాల్లో సూపర్‌వైజరు. ఆ పలకల కిందే పుట్టినట్టు పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. పైపు చుట్టూ ఒకసారి తిరిగారు.

"వాషింగ్ మెషీన్‌కేమో?"

"మనకి వాషింగ్ మెషీన్ ఎక్కడుంది?"

"వస్తుందని అనుకున్నాడేమో కాంట్రాక్టరు. మంచి మనసు."

పైపుల్లో నీళ్ళు పోసి చూశాను. కూరగాయలు కడిగిన నీళ్ళు ఒక్కోదాంట్లో రెండేసి లీటర్లు. నాలుగూ మింగాయి. ఏదీ కక్కలేదు. దీనివల్ల తెలిసిందేమిటంటే ఎనిమిది లీటర్లు పోయాయని.

మూతకు 18 రోజులు

మూత కమిటీ నుంచి కమోడు, బేసిను, కుళాయిలు వచ్చాయి. ఒక కాగితం కూడా ఇచ్చారు. ఇన్‌స్పెక్టరు మూతకి ఐదు రోజుల ముందు వస్తుంది. ఆ వేళకి నేలలో తెరిచి ఉన్న కన్నం ఒక్కటి ఉన్నా సర్టిఫికెట్ ఇవ్వదు. సర్టిఫికెట్ లేకపోతే అదే బండిలో అత్తమ్మని మాచర్ల తీసుకెళ్తారు.

"పెద్దాయనా, నాలుగో పైపుని ఏం చెయ్యాలి?"

"నాలుగో పైపు లేదు. అయితే నేలలో అనవసరపు కన్నం ఉంటే సిమెంటుతో పూడ్చవలెను."

సాయంత్రం మావారు అరబస్తా సిమెంటు తెచ్చారు.

"ఏది ఏమిటో తెలియకుండా పూడ్చేస్తే ఎలాగండీ?"

"లేనిదాన్ని పూడిస్తే నష్టమేముంది సహస్రా?"

సిమెంటు బస్తా మెట్ల కింద పెట్టించాను. నేను రాసిచ్చేదాకా దాన్ని ఎవరూ విప్పకూడదని చెప్పాను.

మూతకు 15 రోజులు

సొరంగం అవతలి చివర ఉండే మస్తాన్ బాబాయిని పిలిపించాను. ఎనభై ఒక్కేళ్ళు. ప్లంబరు అనే పని ఉన్న రోజుల్లో ఆయన ఆ పని చేశాడు. ఇప్పుడు బాత్రూములు డబ్బాల్లా అచ్చుపోసి వస్తున్నాయి. బిగించడానికి ఒక యంత్రం వస్తుంది, కానీ దానికి ప్లానులో ఉన్న పైపులే కనిపిస్తాయి.

బాబాయికి చూపు సరిగ్గా ఆనదు. కిందింట్లో నేల మీద కూర్చుని నాలుగు పైపుల మీదా చెయ్యి పెట్టి తడిమాడు, పిల్లల తలలు నిమిరినట్టు.

"ఒకటి, రెండు, మూడు నువ్వు చెప్పినయ్యే. బాగానే పట్టావు. ఈ నాలుగోదే అసల్ది."

"అది లేదంట బాబాయ్. పూడ్చమంటున్నారు."

"ఎవురు?"

గోడకేసి చూపించాను. బాబాయి గోడకేసి తిరిగి, "ముక్కు మూసుకుని బువ్వ తింటావా అయ్యా నువ్వు?" అన్నాడు.

"నేను భోజనం చేయను," అన్నారు పెద్దాయన.

"అందుకే నీకు తెలవదు."

రెండో పైపుకీ మూడోదానికీ క్యాపులు బిగించి, నాలుగోదాని క్యాపు తీయించాడు. దాని నోటి మీద నా అరచెయ్యి గట్టిగా ఆనించి ఉంచమన్నాడు. తను ఒకటోదాంట్లో బక్కెట్టు నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించాడు. అడుగున గుడగుడమంది. నా అరచేతిని లోపలినుంచి ఎవరో పీల్చినట్టయి చర్మం పైపులోకి ఉబ్బింది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాను. 'ఫుస్' మని గాలి లోపలికి పోయింది, నీళ్ళు నెమ్మదిగా దిగిపోయాయి.

"ఊపిరి అడుగుతోంది," అన్నాడు బాబాయి. "ఇది గాలి పైపు. నీళ్ళు కిందికి పోవాలంటే వాటి ఎనక గాలి రావాల. రాకపోతే బేసిను కింద వంపులో నిలబడ్డ నీళ్ళని లాగేసుకుంటది. వంపు ఎండితే మురుగు గాలంతా ఇంట్లోకే. తలుపులకి సీలేసి డెబ్భై నాలుగు రోజులు ఆ గాలి పీలుస్తారా?"

అరబస్తా సిమెంటు గుర్తొచ్చింది. ఇంకో రెండు రోజులు పోతే లేని పైపుని పూడ్చి, ఉన్న మనుషుల్ని లోపల పెట్టి సీలు వేయించుకునేవాళ్ళం.

బాబాయి లేచి, గాలి పైపుకి సూటిగా పైన కప్పుని కర్రతో తట్టుకుంటూ వెళ్ళాడు. టక్, టక్, టక్. ఒకచోట డబ్ మంది.

"ఇదుగో, దీని జోడీ. గాలి పైపుకి కింద ముక్క ఒకటి, కప్పులో ముక్క ఒకటి వదుల్తారు. రెంటినీ కలుపుకోవడం మన పని. పైది సీదాగా డాబా మీదికి పోయి గాల్లో తెరుచుకోవాల. రేపు డాబా మీద దాని నోరు ఎక్కడుందో చూడు."

నాలుగో పైపు: గాలి పైపు. కిందికి ఏమీ పోదు. లోపలికి గాలి వస్తుంది, బయటికి గాలి పోతుంది. పుస్తకంలో దాని పేరు ఎర్ర సిరాతో రాశాను.

మూతకు 14 రోజులు

ఉదయం ఐదున్నరకే డాబా ఎక్కాను. అప్పటికే నలభై నాలుగు డిగ్రీలు. మా ఊరి పేరు ఒకప్పుడు ఎండ వల్లే వార్తల్లో వచ్చేదట. ఇప్పుడు అన్ని ఊళ్ళకీ అదే ఎండ కనుక ఆ గొప్ప కూడా పోయింది.

పైపు నోరు లేదు. సోలార్ పలకలున్నాయి, వాటర్ ట్యాంకు ఉంది, ఈశాన్యం మూల అత్తమ్మ తులసి కోట ఉంది. ఎండ తగలకుండా కోట పక్కన చతికిలబడి కూర్చుని, డాబాని అడుగడుగునా కళ్ళతో వెదికాను. లేదు.

"పెద్దాయనా, డాబా మీద ఏమేం ఉన్నాయి?"

"పైపులు సున్న. మతపరమైన నిర్మాణం ఒకటి. జీవించి ఉన్న మొక్క ఒకటి. మీ వీధి మొత్తంలో జీవించి ఉన్న మొక్క అదొక్కటే. అభినందనలు."

ఈ అభినందనలు ఆయన ప్రతి సంవత్సరం చెప్తారు. మా వీధి మొదట్లో 'పచ్చ వీధి' అని బోర్డు కూడా ఉంది.

కిందికి దిగి అత్తమ్మకి చెప్పాను. ఆవిడ దుప్పటి అంచు సరిచేసుకుంటూ, "పైపు అక్కర్లేదేమోలే సహస్రా," అంది.

"అక్కర్లేకపోవడమేంటి? మీరు ఇంట్లో ఉండాలంటే అదే కదా ముఖ్యం?"

"కప్పులో క్యాపు విప్పి తీరాలా?"

"విప్పకుండా ఎలా కలుపుతాం?"

ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. తుంటి నొప్పేమో అనుకుని మాత్ర ఇచ్చాను.

మూతకు 12 రోజులు

బాబాయి స్టూలెక్కి కప్పు మీద సున్నం గీకి క్యాపు బయటపెట్టాడు. రెంచి పెట్టి తిప్పాడు. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టుకి క్యాపు ఊడి ఆయన భుజం మీద పడింది. దాని వెనకే నల్లటి నీళ్ళు, నిలువుగా, ఆగకుండా.

"అల్లా! ఏందమ్మా ఇది!"

బక్కెట్టు పట్టేసరికే కొన్ని నేలపాలయ్యాయి. ధార తగ్గాక బాబాయి మొహం తుడుచుకుని చేతిని వాసన చూసుకున్నాడు.

"మురుగు కాదు. పసుపు వాసనొస్తోంది."

బక్కెట్లోకి చూశాను. మెత్తటి ఎర్రమట్టి, కుంకుమ రంగు నురగ, నూనె పట్టి నల్లబడిన దూది ఒత్తులు రెండు. ఆ ఒత్తులు నేను చేసినవే. నేను ఒత్తిని ఎడమ వైపుకి మెలిపెడతాను.

పైన గదిలోంచి అత్తమ్మ కేక వేసింది. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఏం కాలేదు హిమబిందమ్మా!" అన్నాడు బాబాయి పైకి చూసి. "మీ పైపు నాకు తీర్థం ఇచ్చింది!"

పైన మంచం కిర్రుమంది.

కొలిచాను. పదకొండున్నర లీటర్లు.

అదే రోజు, మధ్యాహ్నం

అత్తమ్మ చెప్పింది. తొమ్మిదేళ్ళ కిందట డాబా మీదికి వెళ్ళి చూస్తే ఈశాన్యం మూల ఒక పైపు నిలబడి ఉందిట. అందులోంచి మురుగు గాలి వస్తుందని కాంట్రాక్టరు అన్నాడట.

"ఈశాన్యంలో మురుగేంటి? ఇల్లు నిలుస్తుందా? తాపీమేస్త్రిని పిలిచి దాని చుట్టూ కోట కట్టించేశా. నోటికి చిన్న పెంకు అడ్డం పెట్టి మట్టి పోయించా. అది లేకుండా బాత్రూం ఉండదని నాకేం తెలుసు?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీ మామయ్య వాస్తు నమ్మేవాడు కాదు. చెప్తే పగలగొట్టించేవాడు. తర్వాత మర్చిపోయా. నువ్వు కప్పు విప్పుతానన్నప్పుడు గుర్తొచ్చింది."

పెంకు ఎప్పుడో పక్కకి జారి ఉంటుంది. ఆవిడ రోజూ పొద్దున రాగిచెంబుతో పోసిన నీళ్ళు మట్టిలోంచి పైపులోకి దిగి, కప్పులో క్యాపు దగ్గర నిలిచాయి. పైపు నిండాక పొర్లినవి ఎండకి పోయాయి.

ఇక్కడ నా సంగతి కూడా రాయాలి. ఈ పుస్తకంలో నేను రాసిన ఒకే ఒక్క అబద్ధం 'ఆవిరి'. ఆ అర లీటరు ఎక్కడికి పోతోందో నాకు మొదటి నుంచీ తెలుసు. తులసికి అని రాయలేకపోయాను. ఎందుకంటే కోటలో ఉన్నది తులసి కాదు. ప్లాస్టిక్కు. అసలు మొక్క రెండో ఎండాకాలానికే మాడిపోయింది. ఏడాదికి ఒకసారి, ఉగాది ముందు, అత్తమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు నేను డాబా ఎక్కి ఆ ఆకులకి సబ్బు పెట్టి దుమ్ము కడిగి వచ్చేదాన్ని. ఆవిడకి తెలియదు.

ఈ ముక్క మాత్రం ఇవాళ ఆవిడకి చెప్పలేదు.

మూతకు 5 రోజులు

ఏడు రోజుల్లో బాబాయి, మావారు కలిసి కమోడు, బేసిను, కుళాయిలు బిగించారు. కింద పైపునీ పై పైపునీ కలిపారు. డాబా మీద కోటలో మట్టి తోడి, పైపుని మొక్క మొదలు దాకా పెంచారు. మట్టి తోడేటప్పుడు ప్లాస్టిక్ మొక్కని నేనే తీసి పట్టుకుని, అయ్యాక మళ్ళీ అక్కడే గుచ్చాను. మావారు చూసి దాని మొదట్లో మట్టి సర్దారు. ఆయనకీ తెలుసన్నమాట.

ఇన్‌స్పెక్టరు లోహిత వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల, చల్లని కోటు తొడుక్కుని ఉంది. బక్కెట్లు పోసి చూసింది, బేసిను కింద వంపు చూసింది, పైపు దగ్గర సాంబ్రాణి పొగ పెట్టి చూసింది. పొగ బుద్ధిగా పైకి పోయింది.

"బ్రహ్మాండంగా ఉంది ఆంటీ. ఇంత బాగా ఎవరూ చేయలేదు," అంది. తర్వాత గోడకేసి, "నమోదు చేయండి," అంది.

"నమోదు చేయలేను," అన్నారు పెద్దాయన. "మతపరమైన నిర్మాణానికి పది అడుగుల లోపు మురుగు గాలి వదలరాదు."

"అయితే నాలుగో పైపు ఉందని ఒప్పుకున్నట్టేగా?" అన్నాను.

"ఉంది. నిబంధనకు విరుద్ధంగా ఉంది."

లోహిత తల గోక్కుంది. "కోటని జరపలేరా ఆంటీ?"

"జీవించి ఉన్న మొక్కను కదిలించుటకు దరఖాస్తు చేయవలెను. అనుమతికి తొంభై రోజులు," అన్నారు పెద్దాయన.

"మరి మొక్క లేకపోతే?" అంది లోహిత. "ఊరికే అడుగుతున్నా. మొక్క లేకపోతే అది కోట కింద రాదు కదా?"

"మొక్క లేని కోట ఇటుకల దిమ్మె. దిమ్మెకు అభ్యంతరం లేదు. కానీ మొక్క ఉంది. ఏడేళ్ళుగా ఒక్క ఆకు రాలలేదు. ఇంత ఆరోగ్యమైన మొక్క జిల్లాలో లేదు."

నేను నేలకేసి చూశాను. మావారు సిమెంటు బస్తాకేసి చూశారు.

లోహిత బయట బండికేసి చూసింది. మాచర్ల బండి. "మొక్క లేదని కోట పెట్టుకున్నవాళ్ళే తమ నోటితో చెప్పాలి ఆంటీ. వేరేవాళ్ళు చెప్తే ఆయన వినడు. రేపు తొమ్మిదింటి దాకా ఆగగలను."

మూతకు 4 రోజులు

ఉదయం ఏడింటికి కాఫీ తీసుకుని అత్తమ్మ మంచం పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, ఆ తులసి..."

"ప్లాస్టిక్కు," అంది.

కాఫీ నా చీర మీద పడింది.

"మీకు తెలుసా?"

"ఏమ్మా, ఆకు పట్టుకుంటే తెలీదా? వాసన లేకపోతే తెలీదా? మొక్క చచ్చిన వారానికి మీ మామయ్య మాచర్ల నుంచి తెచ్చి, నేను చూడకుండా గుచ్చాడు. నేను ఏడుస్తానని. చెప్పినా బాధే, చెప్పకపోయినా బాధే అనుకున్నాడు పాపం. నేను కనిపెట్టానని తెలిస్తే ఆయన మొహం ఎలా పెడతాడో తెలుసు. అందుకని నీళ్ళు పోశా. మరుసటేడు ఆయనే పోయాడు. ఇంక మానాలనిపించలేదు."

"నేను ఏడాదికోసారి కడిగేదాన్ని," అన్నాను.

"తెలుసు. సబ్బు వాసన వచ్చేది. తులసి దగ్గర సబ్బు వాసన వచ్చే ఇల్లు మనదొక్కటే." దుప్పటి అంచుతో నా చీర మీది కాఫీ అద్దింది. "నువ్వు పుస్తకంలో ఏమని రాసేదానివి ఆ నీళ్ళు?"

"ఆవిరి అని."

అత్తమ్మ నవ్వింది. తుంటి నొప్పెట్టి ఆపుకుంది. మళ్ళీ నవ్వింది.

ఎనిమిదిన్నరకి లోహిత వచ్చింది. అత్తమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని, జుట్టు సరిచేసుకుని గోడకేసి చూసింది.

"ఏమయ్యా పెద్దాయనా. అందులో మొక్క లేదు. ప్లాస్టిక్కు. అసల్ది చచ్చి ఏడేళ్ళయింది."

"నా రికార్డు ప్రకారం..."

"నీ రికార్డు సంగతి నాకెందుకు? దానికి నీళ్ళు పోసింది నేను. చచ్చిందని నేను చెప్తున్నా."

గోడ మీద డాబా బొమ్మ వెలిగి ఆరింది.

"నమోదు చేశాను," అన్నారు చివరికి. "ఇటుకల దిమ్మె, ఒకటి. బొమ్మ మొక్క, ఒకటి. పైపులు, నాలుగు. పచ్చ వీధి బోర్డు తొలగించవలెను."

లోహిత సర్టిఫికెట్ మీద వేలిముద్ర వేసింది. మాచర్ల బండి ఖాళీగా వెళ్ళింది.

"మొక్కని తీసేయించమంటారా?" అని అడిగాను అత్తమ్మని. "మురుగు గాలి దాని మొదట్లోంచే వస్తుంది మరి."

"ఉండనీ. తులసి కాదని నా నోటితోనే చెప్పాగా. ఇంక దానికి మైలేంటి?"

అన్నది మామూలుగానే. కానీ మధ్యాహ్నం అన్నం సగమే తింది.

మూత, మొదటి రోజు

నిన్న సాయంత్రం నలుగురు పట్టి అత్తమ్మ మంచం కిందికి దింపారు. ఈ ఉదయం ఆరింటికి పైఇంటికి సీలు పడింది. బయట యాభై ఒకటి. లోపల ముప్ఫై రెండు, ఆవకాయ వాసన.

ఏడింటికి అత్తమ్మ వాకర్ పట్టుకుని పదకొండు అడుగులు వేసి బాత్రూంకి వెళ్ళింది. నేను తలుపు బయట నిలబడ్డాను. ఫ్లష్ లాగిన చప్పుడైంది, ఆరు లీటర్లు. నీళ్ళు గుడగుడ లేకుండా, ఒకే ఊపిరిలో దిగిపోయాయి. నాకు అరచెయ్యి జిలజిలలాడింది.

అప్పుడు పెద్దాయన గొంతు వచ్చింది.

"డాబా మీద కదలిక ఉంది. గాలి వేగం సున్న. పక్షులు లేవు. తులసి మొక్క ఆకులు కదులుతున్నాయి."

గోడ మీద డాబా బొమ్మ వెలిగింది. తెల్లటి ఎండలో ఏదీ కదలడం లేదు. కోటలో మాత్రం, పైపు నోటి పక్కన ఆ పచ్చటి ప్లాస్టిక్ ఆకులు వణికి, మెల్లిగా సర్దుకున్నాయి. పైపు ఊపిరి తీసుకుంటోంది, అంతే.

"మొక్క జీవించి ఉంది," అన్నారు పెద్దాయన. "వాంగ్మూలంలో పొరపాటు జరిగినది. రికార్డు సరిచేస్తున్నాను. మతపరమైన నిర్మాణం, ఒకటి. పది అడుగుల నిబంధనపై నోటీసు మూత ముగిశాక అందుతుంది."

తలుపు లోపలి నుంచి అత్తమ్మ అడిగింది. "ఏమంటున్నాడు?"

"తులసి బతికే ఉందంటున్నాడు అత్తమ్మా. ఆకులు కదిలాయట."

లోపల టాంకు నిండుతున్న చప్పుడు ఆగింది. ఆవిడ ఫ్లష్ మళ్ళీ లాగింది.

"ఇప్పుడో?" అంది.

గోడకేసి చూశాను.

"కదిలాయి," అన్నాను.

పుస్తకం తెరిచి 'ఆవిరి' అన్న మాట కొట్టేశాను. ఆ వరసలో ఇవాళ ఇలా రాశాను. తులసికి: పన్నెండు లీటర్లు.